ఇంట్లో అందరి చేతికీ అందే స్మార్ట్ రిమోట్: కొనడం నుంచి బ్యాటరీ మార్చడం దాకా

స్మార్ట్ బల్బులు, స్మార్ట్ స్విచ్‌లు పెట్టించుకున్న చాలా ఇళ్లలో వాటిని హాయిగా వాడుకునేది ఒక్కరే. యాప్ ఎవరి ఫోన్‌లో ఉందో వాళ్లు. వాళ్లు ఆఫీసుకు వెళ్లాక హాల్లో లైటు వెలగకపోతే మిగతావాళ్లు ఫోన్ చేసి అడగాలి. అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేచిన నాన్నగారు కళ్లద్దాలు వెతుక్కుని, ఫోన్ లాక్ తీసి, యాప్ తెరిస్తే గానీ వెలుగు రాదు. నోటితో చెప్పి వేయించుకుందామంటే పక్కన పడుకున్నవాళ్లకు నిద్రాభంగం. ఈ ఇబ్బందులన్నిటికీ నాకు తెలిసిన మంచి జవాబు చేతిలో ఇమిడే నాలుగు బటన్ల రిమోట్. చీకట్లో తడిమి నొక్కవచ్చు. ఎనభై ఏళ్లవారికీ ఎనిమిదేళ్లవారికీ ఒకసారి చూపిస్తే చాలు.

ఒకప్పుడు ఇలాంటి పనికి లాజిటెక్ హార్మొనీ రిమోట్‌లు బాగా పేరు తెచ్చుకున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఆ కంపెనీ వాటి తయారీ ఆపేసింది. ఇప్పుడు ఆ స్థానంలో వచ్చినవి చిన్నవి, చవకైనవి, స్క్రీన్ లేనివి. అమ్మానాన్నలు ఉండే రెండు పడకగదుల ఫ్లాట్‌ను ఉదాహరణగా తీసుకుని, ఇలాంటి రిమోట్‌ను మొదటి నుంచి ఎలా అమర్చుకోవాలో చెబుతాను.

ముందు స్విచ్‌బోర్డు సంగతి తేల్చుకోండి

రిమోట్ కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. గోడ మీది స్విచ్ ఎవరైనా ఆపేస్తే ఏమవుతుంది? స్మార్ట్ బల్బు పెట్టి ఉంటే దానికి కరెంటే అందదు. అప్పుడు రిమోట్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. మన ఇళ్లలో గది బయటికి వస్తూ స్విచ్ ఆపడం చిన్నప్పటి నుంచి నేర్పిన అలవాటు, మంచి అలవాటు కూడా. దాన్ని మాన్పించాలని చూడకండి.

అందుకే నేను బల్బు కంటే రిలే మాడ్యూల్‌నే మెచ్చుకుంటాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉండే ఈ పెట్టె స్విచ్‌బోర్డు లోపల, స్విచ్ వెనక కూర్చుంటుంది. మామూలు స్విచ్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, రిమోట్ కూడా పనిచేస్తుంది. ఒకదాంతో వేసిన లైటును రెండోదాంతో ఆపవచ్చు. పాత ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ బల్బు ఏదున్నా మార్చాల్సిన పని లేదు.

ఈ మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి న్యూట్రల్ వైరు కావాలి. మన బోర్డుల్లో చాలావాటికి ప్లగ్ పాయింట్ కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ అక్కడే దొరుకుతుంది. స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డయితే ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. న్యూట్రల్ అక్కర్లేని రకాలు కూడా ఉన్నాయి, కానీ తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వాటితో ఆపిన తర్వాత కూడా మినుకుమినుకుమనే అవకాశం ఉంది. ఏ రకమైనా బిగించేటప్పుడు ఆ గది ఎమ్‌సీబీ (మెయిన్ బోర్డులో ఉండే బ్రేకర్ స్విచ్) దించి, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. వైరింగ్ తెలియనివాళ్లు ఈ ఒక్క పని తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఫ్యాన్ విషయంలో జాగ్రత్త. మామూలు రిలే దాన్ని వేస్తుంది, ఆపుతుంది, అంతే. స్పీడు మార్చాలంటే ఫ్యాన్ కోసమే చేసిన మాడ్యూల్ తీసుకోవాలి. లైట్ల డిమ్మర్‌ను ఫ్యాన్‌కు తగిలిస్తే మోటారు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది.

ఏ రకం రిమోట్ కొనాలి

బజారులో దొరికేవి ఎక్కువగా నాలుగు దారుల్లో మాట్లాడతాయి: ఇన్‌ఫ్రారెడ్, 433 మెగాహెర్ట్జ్ రేడియో, వై-ఫై, జిగ్‌బీ (స్మార్ట్ పరికరాల కోసం చేసిన, కరెంటు తక్కువ తినే రేడియో పద్ధతి). టీవీ రిమోట్‌లో ఉండేది ఇన్‌ఫ్రారెడ్. దానికి ఎదురుగా అడ్డం లేకుండా ఉండాలి, గోడ దాటదు. 433 మెగాహెర్ట్జ్‌వి చవక, దూరం కూడా బాగా వెళ్తాయి, కానీ నొక్కిన ఆదేశం అందిందో లేదో వాటికి తెలియదు. వై-ఫై బటన్ నొక్కిన ప్రతిసారీ నిద్రలేచి రౌటర్‌కు కనెక్ట్ కావాలి కాబట్టి స్పందన ఆలస్యం, బ్యాటరీ ఖర్చు.

ఇంటి వాడకానికి జిగ్‌బీయే తీసుకోమంటాను. నాణెం బ్యాటరీతో నెలల తరబడి నడుస్తుంది, గోడలు దాటుతుంది, నొక్కగానే పలుకుతుంది. పైగా కరెంటుకు తగిలించిన జిగ్‌బీ మాడ్యూళ్లలో, ప్లగ్గుల్లో ఎక్కువభాగం సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపుతాయి; న్యూట్రల్ అక్కర్లేని మాడ్యూళ్లు మాత్రం చాలావరకు పంపవు. అంటే పరికరాలు పెరిగేకొద్దీ నెట్‌వర్క్ బలపడుతుంది. బ్యాటరీతో నడిచే రిమోట్ మాత్రం ఇలా సిగ్నల్ అందించదు.

వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేందుకు మ్యాటర్ అనే కొత్త ప్రమాణం 2022 అక్టోబరులో వచ్చింది. దానికి పనికొచ్చే రిమోట్‌లూ వస్తున్నాయి. మీ దగ్గర ఉన్న హబ్ (పరికరాలన్నిటినీ కలిపే పెట్టె, దీన్నే గేట్‌వే అనీ అంటారు) బటన్ రిమోట్‌లను గుర్తిస్తుందో లేదో చూసుకున్నాకే అటు వెళ్లండి.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకు పరికరాలు తెచ్చేవాళ్లకు ఒక మాట. జిగ్‌బీ లాంటిదే మరో రేడియో పద్ధతి జడ్-వేవ్, ఆ రకం రిమోట్ తేకండి. అమెరికాలో అది 908 మెగాహెర్ట్జ్ దగ్గర, యూరప్‌లో 868 దగ్గర, మన దేశంలో 865 దగ్గర పనిచేస్తుంది. అక్కడ కొన్నది ఇక్కడి హబ్‌తో మాట్లాడదు. జిగ్‌బీ ఇళ్లలో వాడేది 2.4 గిగాహెర్ట్జ్, ప్రపంచమంతా అదే. బ్యాటరీ రిమోట్ అయితే వోల్టేజీ గొడవా లేదు. బల్బులు, ప్లగ్గులు, స్విచ్‌లు మాత్రం ఇక్కడే కొనండి. 110 వోల్టుల సరుకు మన 230 వోల్టులకు మాడిపోతుంది.

రిమోట్ కొనేటప్పుడు బటన్లను చూడటం కంటే వేలితో తడిమి చూడటం ముఖ్యం. నొక్కితే ‘టిక్’మని తెలియాలి. నున్నటి అద్దంలా ఉండే టచ్ రకాలు చీకట్లో దేనికీ పనికిరావు. నాలుగు బటన్లు చాలు. ఆరు, ఎనిమిది ఉన్నవి చూడటానికి ఘనంగా ఉంటాయి కానీ రెండో వారానికి ఏది దేనికో ఎవరికీ గుర్తుండదు.

గేట్‌వే ఎక్కడ పెట్టాలి

జిగ్‌బీ రిమోట్‌కు ఒక గేట్‌వే, అంటే దాని ఆదేశాన్ని అందుకుని స్విచ్‌లకు చేరవేసే చిన్న పెట్టె కావాలి. సులువుగా అయిపోవాలంటే స్మార్ట్ లైఫ్ యాప్‌తో పనిచేసే గేట్‌వే చాలు. ఓపిక, ఆసక్తి ఉన్నవాళ్లు పాత ల్యాప్‌టాప్ మీదో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీదో హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, గేట్‌వేకు బదులు, యూఎస్‌బీ జిగ్‌బీ స్టిక్ తగిలించుకోవచ్చు. ఆ స్టిక్‌ను నేరుగా గుచ్చకుండా యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త దూరంగా పెట్టండి. యూఎస్‌బీ 3.0 పోర్టు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది. ‘రిమోట్ ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

గేట్‌వేను ఇంటికి నడిమధ్యన పెట్టండి. టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన, ఇనప బీరువా మీద పెట్టకండి. లోహం సిగ్నల్‌ను ఆపేస్తుంది. రౌటర్‌ను ఆనించి కూడా పెట్టకూడదు, ఎందుకంటే వై-ఫై, జిగ్‌బీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే తిరుగుతాయి. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా ఛానళ్లున్నాయి. వై-ఫై 1, 6, 11 ఛానళ్లను తప్పించుకుని నిలిచే సందులు 15, 20, 25. హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లు వీటిలో ఒకటి మొదట్లోనే ఎంచుకోండి. తర్వాత మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జత చేయాల్సి రావచ్చు. గేట్‌వేలో ఛానల్ మార్చే వీలు లేకపోతే రౌటర్‌లో వై-ఫై ఛానల్ మార్చి చూడండి.

ఇక కరెంటు. ఇన్వర్టర్ ఉంటే గేట్‌వే, రౌటర్ రెండూ ఆ లైను మీదే ఉండాలి. ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, రౌటర్ల కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి కొనండి. కరెంటు పోయి చీకటి పడిన క్షణంలోనే పెద్దవాళ్ల చెయ్యి రిమోట్ కోసం వెళ్తుంది. అప్పుడు అది పలకాలి.

జత చేయడం

1. ఫోన్‌ను 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి కలపండి. ఇలాంటి గేట్‌వేలు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌ను అందుకోలేవు. లాన్ కేబుల్ రకం గేట్‌వే దొరికితే అదే మేలు.

2. స్మార్ట్ లైఫ్‌లో ఖాతా తెరిచేటప్పుడు దేశం భారత్ అని ఎంచుకోండి. విదేశం నుంచి వచ్చి అమర్చి వెళ్లేవాళ్లు కూడా ఇదే చేయాలి. పరికరాలు ఉండేది ఇక్కడ.

3. ప్లస్ గుర్తు నొక్కి గేట్‌వేను చేర్చండి. తర్వాత స్విచ్ మాడ్యూళ్లను చేర్చండి. రిమోట్ చివర రావాలి. కరెంటు పరికరాలు ముందే ఉంటే రిమోట్‌కు దగ్గర్లో సిగ్నల్ అందించే తోడు దొరుకుతుంది.

4. గేట్‌వే పేజీలో సబ్‌డివైస్ (గేట్‌వే కింద పనిచేసే పరికరం) చేర్చే బటన్ నొక్కి, రిమోట్‌ను జత చేసే స్థితిలోకి తీసుకురండి. చాలా నాలుగు బటన్ల రకాల్లో ఒక బటన్‌ను 5 నుంచి 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే చిన్న లైటు గబగబా మెరుస్తుంది. హోమ్ అసిస్టెంట్‌తో వాడే ఐకియా స్టైర్‌బార్ రిమోట్‌లో అయితే బ్యాటరీ మూత కింద ఉన్న బటన్‌ను వెంటవెంటనే నాలుగుసార్లు నొక్కాలి. మీ రకానిది పెట్టెలోని కాగితంలో ఉంటుంది, ఆ కాగితం పారేయకండి.

5. ఈ పనిని రిమోట్ చివరికి ఎక్కడ ఉండబోతుందో ఆ గదిలోనే చేయండి. కొన్ని చవక రిమోట్‌లు మొదట ఏ పరికరం ద్వారా కలిశాయో దాన్నే పట్టుకుని ఉంటాయి. హాల్లో జత చేసి పడకగదికి తీసుకెళ్తే అక్కడ మొండికేస్తాయి.

6. పేరు పెట్టండి. ‘అమ్మ మంచం రిమోట్’, ‘హాలు గుమ్మం రిమోట్’. ఆరు నెలల తర్వాత ‘వైర్‌లెస్ స్విచ్ 3’ అంటే మీకే తెలియదు.

గది దూరమై సిగ్నల్ అందకపోతే మధ్యలో ఒక జిగ్‌బీ ప్లగ్ పెట్టండి.

ఏ బటన్‌కు ఏ పని

అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ప్రతి బటన్‌కూ సాధారణంగా మూడు నొక్కుళ్లు ఉంటాయి: ఒకసారి, రెండుసార్లు, నొక్కి పట్టుకోవడం. నాలుగు బటన్లంటే పన్నెండు పనులు. పన్నెండూ నింపేయాలనే ఆశ పుడుతుంది. ఆ ఆశను ఆపుకోండి. ఇల్లు అమర్చినవారికి పన్నెండూ గుర్తుంటాయి, మిగతావాళ్లకు నాలుగు కూడా కష్టమే.

పెద్దవాళ్ల మంచం పక్కన ఉండే రిమోట్‌కు నేను ఇలా పెడతాను. మొదటి బటన్ లైటు వేయడానికి, రెండోది లైటు ఆపడానికి, మూడోది ఫ్యాన్ వేయడానికి, నాలుగోది ఫ్యాన్ ఆపడానికి. ఒక బటన్‌తోనే వేయడం, ఆపడం రెండూ పెడితే రెండు బటన్లు మిగులుతాయన్నది నిజమే. కానీ చేతులు వణికేవాళ్లు ఒకసారి నొక్కబోయి రెండుసార్లు నొక్కుతారు. లైటు వెలిగి వెంటనే ఆరిపోతుంది, ‘ఇది పాడైపోయింది’ అని రిమోట్‌ను సొరుగులో పడేస్తారు. వేసే బటన్ ఎన్నిసార్లు నొక్కినా వేయాలి, ఆపే బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఆపాలి.

దీనికి తోడు ఇంకొకటి చేయండి. ప్రతి బటన్‌కూ ఉన్న మూడు నొక్కుళ్లకూ ఒకే పని ఇవ్వండి. మెల్లగా నొక్కినా, గట్టిగా పట్టుకున్నా, రెండుసార్లు తగిలినా అదే జరుగుతుంది. యాప్‌లో రిమోట్ పేజీ తెరిచి, బటన్ ఎంచుకుని, నొక్కుడు రకం ఎంచుకుని, చేయాల్సిన పని జోడించాలి. బటన్‌కు మూడేసి సార్లు అదే జోడించడం విసుగు పని, అయినా ఒక సాయంత్రంలో అయిపోతుంది.

చిన్న వయసువాళ్ల రిమోట్‌లకు ఇంత కట్టుబాటు అక్కర్లేదు. ఒకసారి నొక్కితే రోజూ చేసే పని, నొక్కి పట్టుకుంటే ఎప్పుడో చేసే పని. రెండుసార్లు నొక్కడం వాడకపోతేనే మంచిది. అది ఉంటే, రెండో నొక్కు వస్తుందేమోనని కొన్ని రిమోట్‌లు కాసేపు ఆగి పలుకుతాయి.

రాత్రి వేళకు ఒక చిన్న ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. లైటు వేసే బటన్‌కు రెండు ఆటోమేషన్లు (ఇది నొక్కితే ఇది జరగాలి అని యాప్‌లో పెట్టే ఆదేశాలు) రాయండి. ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా పెద్ద లైటు, రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా బెడ్‌లైటు, దాంతోపాటు బాత్‌రూమ్ లైటు. యాప్‌లో ఆటోమేషన్ పనిచేసే సమయం పెట్టే చోటు ఉంటుంది. నొక్కేవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, నిద్రకళ్ల మీద మాత్రం వెలుగు గుచ్చుకోదు.

గుమ్మం పక్కన ‘అన్నీ ఆపు’ బటన్ చాలామంది పెడతారు. చాలా సుఖంగా ఉంటుంది, కానీ అందులో ఏమేం ఆగాలో ఒక్కొక్కటిగా ఎంచుకోండి. రౌటర్, గేట్‌వే, ఫ్రిజ్ ఉన్న ప్లగ్గులు ఆ జాబితాలో ఉండకూడదు. గేట్‌వే ఆగిపోతే దాన్ని మళ్లీ వేయడం ఆ రిమోట్ వల్ల కాదు.

సహాయం పిలిచే బటన్ పెట్టాలనుకుంటే దానికి వేరే ఒంటి బటన్ రిమోట్ కొనండి. నొక్కగానే హాల్లో లైట్లన్నీ వెలగాలి, జిగ్‌బీ సైరన్ మోగాలి, పిల్లల ఫోన్లకు నోటిఫికేషన్ వెళ్లాలి. మూడూ ఉండాలి, ఎందుకంటే ఇంటర్నెట్ లేకపోతే నోటిఫికేషన్ రాదు. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. పక్కింటివారి నంబరు, 108 స్పీడ్ డయల్‌లో ఉండాల్సిందే.

చివరగా, బటన్ల మీద తెలుగులో చిన్న స్టిక్కర్లు అంటించండి. చూపు ఆననివాళ్ల కోసం లైటు వేసే బటన్ మీద ఒక్కదాని మీదే ఉబ్బెత్తు చుక్క పెట్టండి. కుట్టుపనికి వాడే చిన్న ముత్యం జిగురుతో అంటించినా సరిపోతుంది.

ఏసీ, ఫ్యాన్, టీవీ

ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌తో నడిచే వాటిని కూడా ఇందులోకి తేవచ్చు. దానికి ఐఆర్ బ్లాస్టర్, అంటే యాప్ ఆదేశాన్ని ఇన్‌ఫ్రారెడ్ సంకేతంగా మార్చి పంపే చిన్న పరికరం కావాలి. గది మొత్తం కనిపించే చోట, ఏసీకి ఎదురుగా పెట్టండి. యాప్‌లో మీ ఏసీ బ్రాండ్ ఎంచుకుని కొన్ని కోడ్‌లు ప్రయత్నిస్తే సాధారణంగా ఏదో ఒకటి కుదురుతుంది. కుదరకపోతే నేర్పించే పద్ధతి ఉంది, అసలు రిమోట్‌ను బ్లాస్టర్‌కు దగ్గరగా పెట్టి బటన్ నొక్కాలి.

ఇక్కడ ఒక తేడా తెలుసుకుంటే చాలా తలనొప్పి తగ్గుతుంది. ఏసీ రిమోట్ నొక్కిన ప్రతిసారీ మొత్తం స్థితిని పంపుతుంది: ఆన్, కూల్ మోడ్, 26 డిగ్రీలు, ఫ్యాన్ స్పీడు, అన్నీ కలిపి. అందుకే ‘ఏసీ 26’ అని ఒక బటన్ పెడితే ఎప్పుడు నొక్కినా అదే స్థితికి వస్తుంది. టీవీ పవర్ బటన్ చాలావాటిలో అలా కాదు. ఆగి ఉంటే వేస్తుంది, వేసి ఉంటే ఆపుతుంది. టీవీ వేసి ఉందో లేదో బ్లాస్టర్‌కు తెలియదు. ‘అన్నీ ఆపు’లో టీవీని చేరిస్తే ఆగి ఉన్న టీవీ మోగడం మొదలుపెడుతుంది. దాన్ని వదిలేయండి. రిమోట్‌తో నడిచే, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్‌లలోనూ పవర్ బటన్ ఇలా ఉంటుందేమో చూసి, వీలైతే పవర్‌కు బదులు స్పీడు నంబరు బటన్‌ను వాడండి.

ఏసీ బటన్‌కు ఎంత పెట్టాలంటారా? స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలన్నది మన దేశంలో నియమం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. ఫ్యాన్ కూడా తిరిగే పడకగదిలో 26 హాయిగానే ఉంటుంది.

ఇంటర్నెట్ తీసేసి పరీక్షించండి

అంతా అమర్చాక రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ కేబుల్ పీకి, రిమోట్ నొక్కండి. లైటు వెలిగితే మీ ఏర్పాటు ఇంట్లోనే నడుస్తోందని అర్థం. వెలగకపోతే ఆదేశం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ దాకా వెళ్లి వస్తోంది. రిమోట్, స్విచ్ మాడ్యూల్ రెండూ ఒకే గేట్‌వే కింద ఉన్నాయా చూడండి. రిమోట్ జిగ్‌బీలో, బల్బు వై-ఫైలో ఉంటే చాలాసార్లు ఈ సమస్యే. నొక్కాక రెండు మూడు సెకన్లు ఆగి పలకడానికీ ఇదే కారణం.

హోమ్ అసిస్టెంట్‌లో ఆటోమేషన్లు ఇంట్లోని కంప్యూటర్ మీదే నడుస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది లేదు. అంతకంటే గట్టి పద్ధతి కూడా ఉంది. ఫిలిప్స్ హ్యూ డిమ్మర్ స్విచ్, ఐకియా స్టైర్‌బార్ వంటి రిమోట్‌లను బల్బుల గ్రూపుతో నేరుగా ముడివేయవచ్చు. దీన్ని బైండింగ్ అంటారు. అప్పుడు హబ్ ఆగిపోయినా రిమోట్ నుంచి బల్బుకు ఆదేశం వెళ్తుంది. రోజూ తప్పక పనిచేయాల్సిన ఒకటి రెండు లైట్లకు ఇది చేసి పెట్టుకోండి.

ఇదే సమయంలో ప్రతి బల్బుకూ, మాడ్యూల్‌కూ కరెంటు తిరిగొచ్చాక ఏ స్థితిలో ఉండాలనే సెట్టింగ్ చూడండి. చాలా బల్బులు కరెంటు రాగానే నిండుగా వెలిగేలా వస్తాయి. తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయి వస్తే ఇల్లంతా లేస్తుంది. ‘ముందున్న స్థితి’ అని మార్చండి.

రిమోట్‌కు ఇవ్వకూడనివి

గీజర్, నీళ్ల మోటారు. రిమోట్ దిండు కింద నలిగినా, పిల్లలు ఆడుకున్నా బటన్ పడుతుంది. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు, 3,000 వాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్‌కు మొదటిది అంచుదాకా భారం, రెండోదాన్ని అది మోయలేదు. తప్పదనుకుంటే 16 ఆంపియర్ల రకం వాడి, 20 నిమిషాల తర్వాత దానంతటదే ఆగేలా టైమర్ పెట్టండి. మోటారుకు కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును మోసే స్విచ్), నీళ్లు లేకుండా తిరగకుండా రక్షణ ఉండాలి. అది వేరే ఏర్పాటు, పడకగది రిమోట్‌లో దానికి చోటు లేదు.

బ్యాటరీ

పిల్లలున్న ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాణెం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయేంత ప్రమాదం. మూతకు స్క్రూ ఉన్న రిమోట్ కొనండి, లేదా ట్రిపుల్ ఏ బ్యాటరీలతో నడిచేది తీసుకోండి. పాత నాణెం బ్యాటరీలకు కూడా ఆ ప్రమాదం ఉంటుంది, టేపు చుట్టి పిల్లలకు అందకుండా దాచి పారేయండి. మింగారన్న అనుమానం వచ్చినా చాలు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బ్యాటరీ 20 శాతానికి తగ్గగానే ఫోన్‌కు కబురు వచ్చేలా పెట్టుకోండి. రిమోట్ మీది చిన్న లైటు మెరవకపోతే బ్యాటరీ అయిపోయింది. మెరిసినా పని జరగకపోతే గేట్‌వేకు కరెంటు ఉందా, ఆటోమేషన్ ఎవరైనా ఆపేశారా చూడండి. రెండూ సరిగా ఉంటే రిమోట్‌ను గేట్‌వే దగ్గరికి తెచ్చి నొక్కండి. అక్కడ పనిచేస్తే సమస్య దూరమే.

యాప్‌లోని ‘హోమ్’కు ఇంట్లో ఇంకొకరిని కూడా అడ్మిన్‌గా చేర్చండి. వాడుకరి పేరు, పాస్‌వర్డ్, ఏ బటన్‌కు ఏ పని, ఏ సైజు బ్యాటరీ అన్నవి ఒక కాగితం మీద రాసి కరెంటు బిల్లులు పెట్టుకునే ఫైల్లో ఉంచండి. హోమ్ అసిస్టెంట్ వాడేవాళ్లు బ్యాకప్‌ను ఆ కంప్యూటర్‌లోనే వదిలేయకుండా పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసుకోండి.